ఓ-ఆర్-డి : ఒక విమానాశ్రయ సంకేతము - దాని యర్థము, పుట్టుక

1

స్థలనామములను పరిశీలించువారికి శాసనములు, కైఫీయతులు, దండకవిలెలు, కావ్యావతారికలు ముఖ్యములైన ఆకరములు. వీనితోపాటు పరిగణింపదగిన ఆకరము మఱియొకటి నేటి కాలమున ఏర్పడినది. అది విమానప్రయాణికుల సామానునకు అంటించు కాగితపు చీటి. ఆ చీటిపై మూడు రోమను వర్ణములు పెద్దవిగా ముద్రింపబడియుండును. ప్రతి విమానాశ్రయమునకును ఇట్టి త్ర్యక్షరసంకేత మొకటి కలదు. ఢిల్లీకి డి-ఇ-ఎల్, హైదరాబాదునకు హెచ్-వై-డి అనునవి చూచినంతనే బోధపడును. కాని కొన్ని సంకేతములకును, అవి సూచించు నగరమునకును, విమానాశ్రయమునకును ఏ సంబంధమును పైకి కానరాదు. అట్టివానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికా సంయుక్తరాష్ట్రములలోని షికాగో నగరపు ఓహేర్ విమానాశ్రయమునకు గల ఓ-ఆర్-డి అను సంకేతము.

ఈ సంకేతము నా దృష్టికి వచ్చిన విధమును ముందుగా చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట తరగతిలో గ్రామనామ వ్యుత్పత్తులను గూర్చి చెప్పుచుండగా, అమెరికాలోని తన యన్నగారి యింటికి పోయివచ్చిన విద్యార్థి యొకడు తన పెట్టెనుండి ఊడదీసిన చీటిని తెచ్చి చూపెను. "అయ్యా, ఊరు షికాగో, విమానాశ్రయము ఓహేర్. ఈ ఓ-ఆర్-డి యెక్కడిది?" అని యడిగెను. నేను ఆలోచించులోపల మఱియొక విద్యార్థి లేచి, నల్లబల్లపై 'ఓహేర్ ఫీల్డ్' అని ఆంగ్లమున వ్రాసి, మొదటి వర్ణమైన ఓ, మొదటి పదములోని ఆర్, రెండవ పదము కడపటిదైన డి అను మూడింటిని గీతలతో గుర్తించి చూపెను. వర్ణములు సరిపోయినవి. వరుసయు సరిపోయినది. తరగతి సంతోషించెను. నేనును సమ్మతించితిని.

ఆ వ్యుత్పత్తి తప్పు. అది తప్పని ఆనాటి సాయంకాలమే నాకు తెలిసినది. మఱునాడు తరగతిలో దానిని సవరించుకొంటిని. వర్ణములన్నియు సరిపోయిన వ్యుత్పత్తి ఏల తప్పు కావలసివచ్చినదో, సరియైన దానిని ఏ ప్రమాణముతో నిర్ణయింపవలెనో చూపుటయే ఈ వ్యాసమున ముఖ్యోద్దేశము. విషయము దూరదేశమునకు సంబంధించినదైనను, అందలి పాఠము మన స్థలనామ పరిశోధనకు సన్నిహితమైనది.

2

సంకేతముయొక్క పుట్టుకను తెలియుటకు ముందు సంకేతపద్ధతియొక్క పుట్టుకను తెలియవలెను. అమెరికాలో 1930 ప్రాంతమున విమానసంస్థలు తమ విమానములు దిగెడి తావులను సూచించుటకు ఆ దేశపు వాతావరణ శాఖవారు నగరములకు వాడుచుండిన రెండక్షరముల సంకేతములనే గ్రహించెను. రోమను వర్ణములు 26. రెండేసి చొప్పున కూర్చినచో ఏర్పడు సంకేతములు 676 మాత్రమే. విమానాశ్రయములు పెరిగిన కొలది ఈ సంఖ్య చాలకపోయినది. మూడేసి చొప్పున కూర్చినచో 17,576 సంకేతములు లభించును. కావున మూడక్షరముల పద్ధతి వచ్చినది. అంతకుముందు రెండక్షరములతో నున్న కొన్ని నగరములు తమ పాత సంకేతమునకు చివర 'ఎక్స్' అను వర్ణమును చేర్చుకొనెను. లాస్ ఏంజెలెస్ నగరపు ఎల్-ఎ-ఎక్స్, పోర్ట్‌లండు నగరపు పి-డి-ఎక్స్ ఇట్టివి. ఈ ఎక్స్‌నకు అర్థము లేదు. అది స్థానపూరకము మాత్రమే. దీనికి గూఢార్థములను వెదకుట వ్యర్థశ్రమ. పద్యమున యతిస్థానమునకో, గణపూర్తికో వచ్చిన పదమునకు తత్త్వార్థము చెప్పు వ్యాఖ్యాతలను మన మెఱుగుదుము.

ద్వితీయ ప్రపంచయుద్ధము ముగియు కాలమున పౌర విమానయానమునకు అంతర్జాతీయమైన కట్టుబాట్లు ఏర్పడినవి. 1944 డిసెంబరు 7వ తేదీన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికపై వివిధదేశముల ప్రతినిధులు సంతకములు చేసిరి. ఆ సమావేశము జరిగిన నగరము షికాగోయే. తరువాత 1945 ఏప్రిలులో క్యూబా దేశపు హవానా నగరమున విమానసంస్థల సంఘము స్థాపింపబడినది. దీనినే ఆంగ్లనామపు తొలియక్షరములను బట్టి 'అయాటా' అందురు. టిక్కెట్లమీదను, సామాను చీటులమీదను కనిపించు మూడక్షరముల సంకేతములను నేడు నిర్వహించునది ఈ సంఘము. విమానచోదకులును, వాయుమార్గ నియంత్రణాధికారులును వాడెడి నాలుగక్షరముల సంకేతములు వేఱుగా కలవు. వానిని నిర్వహించునది షికాగో ఒడంబడిక వలన ఏర్పడిన 'ఇకావో' అను సంస్థ. ఆ పద్ధతిలో ఓహేర్‌నకు కె-ఓ-ఆర్-డి అని పేరు. ఇందు కె అనునది అమెరికా దేశమును తెలుపు వర్ణము. తక్కిన మూడును పూర్వోక్తములే.

అయాటా నియమములలో మనకు ముఖ్యమైన దొకటి కలదు. ఒక తావునకు ఒకపరి కేటాయింపబడిన సంకేతము శాశ్వతముగా భావింపబడును. ప్రబలమైన కారణము, అందును ముఖ్యముగా వాయుయాన భద్రతకు సంబంధించిన కారణము, ఉన్నగాని దానిని మార్చరు. వాషింగ్టన్ నగరమునకు సంబంధించిన డలెస్ విమానాశ్రయమునకు తొలుత డి-ఐ-ఎ అను సంకేత ముండెను. చేతితో వ్రాసినపుడు అది అదే నగరమునకు చెందిన మఱియొక విమానాశ్రయపు డి-సి-ఎ గా పొరబడుట కవకాశ మిచ్చుటచే ఐ-ఎ-డి అని మార్చిరి. లేఖకప్రమాదములను గూర్చి తాళపత్ర ప్రతులలో మనము చదువుకొన్న పాఠమే ఇక్కడను కానవచ్చుచున్నది. ఇట్టి ప్రమాదహేతువు లేనపుడు సంకేతము నిలుచును. దాని చుట్టునున్న పేర్లు మాత్రము మారుచుండును.

3

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. షికాగో నగరమధ్యమునకు వాయవ్యదిశగా సుమారు 27 కిలోమీటర్ల దూరమున, పూర్వము ఆర్చర్డ్ ప్లేస్ అను చిన్న కర్షకగ్రామ ముండెను. ఆంగ్లమున 'ఆర్చర్డ్' అనగా పండ్లతోట. 'ప్లేస్' అనగా తావు. తెలుగున చెప్పవలసినచో తోటపల్లి యని చెప్పవచ్చును. ఆ ప్రాంతమున సేద్యము చేయుచుండినవారిలో పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీనుండి వలసవచ్చిన కుటుంబములవారు పెక్కుమంది. వారు నెలకొల్పుకొన్న సెయింట్ యోహానెస్ చర్చికి చెందిన శ్మశానవాటిక 1849 నాటిది. రైలుమార్గము దగ్గఱగా నుండుట, విశాలమైన సమతలభూమి యుండుట, మహానగరమునుండి పనివారు లభించుట అను మూడును ఈ గ్రామపు భవిష్యత్తును నిర్ణయించినవి.

అమెరికా ద్వితీయ ప్రపంచయుద్ధమున ప్రవేశించిన పిమ్మట, డగ్లస్ విమాననిర్మాణ సంస్థ ఇక్కడ ఒక బృహత్తరమైన కర్మాగారమును నిర్వహించెను. అందు సి-54 అను నాలుగు ఇంజనుల రవాణా విమానములను నిర్మించిరి. యుద్ధము ముగియు నాటికి అచట తయారైన విమానముల సంఖ్య 655. తయారైన విమానములు ఎగిరిపోవుటకై ప్రక్కనే విమానక్షేత్రమును సిద్ధపఱచిరి. దానిని డగ్లస్ పేరుతోడనే వ్యవహరించుచుండిరి.

1945లో యుద్ధము ముగియగా కర్మాగారమునకు పని లేకపోయినది. డగ్లస్ సంస్థ తన కార్యకలాపములను కాలిఫోర్నియాలో కేంద్రీకరింప నిశ్చయించుకొని ఇచటినుండి తరలిపోయెను. కంపెనీ పోగా కంపెనీపేరును పోయినది. ఆ తావునకు పూర్వమునుండి గల తోటపేరు మరల పైకి వచ్చినది. విమానక్షేత్రము 'ఆర్చర్డ్ ఫీల్డ్' అయినది. ఈ దశలోనే దానికి ఓ-ఆర్-డి అను సంకేత మేర్పడినది. 1946 మార్చిలో షికాగో నగరపాలకులు ఆ క్షేత్రమును కేంద్రప్రభుత్వమునుండి పొంది, ర్యాల్ఫ్ బర్క్ అను ఇంజనీరుయొక్క ప్రణాళికను అనుసరించి మహావిమానాశ్రయముగా రూపొందింప సంకల్పించిరి.

ఓహేర్ అను పేరు ఆ తరువాతిది. ఎడ్వర్డ్ ఓహేర్ అమెరికా నౌకాదళమున వైమానికుడు. ఆయన సెయింట్ లూయీ నగరమున 1914లో జన్మించెను. 1942 ఫిబ్రవరి 20వ తేదీన పసిఫిక్ మహాసముద్రమున లెక్సింగ్టన్ అను విమానవాహక నౌకపైకి వచ్చుచుండిన 9 శత్రువిమానముల శ్రేణిని ఒంటిగా ఎదుర్కొనెను. అందులకు ఆ దేశమున సర్వోన్నతమైన శౌర్యపతకమును పొందెను. 1943 నవంబరు 26వ తేదీ రాత్రి జరిగిన వైమానికయుద్ధమున నిహతుడయ్యెను. షికాగో నగరసభ 1949లో, అనగా ఆయన మరణించిన ఆఱేండ్లకు, ఆర్చర్డ్ ఫీల్డ్‌నకు ఓహేర్ పేరు పెట్టెను. పేరు మారెను. సంకేతము మారలేదు.

4

ఇప్పుడు వ్యుత్పత్తిని విచారింతము. ఓ-ఆర్-డి అను వర్ణత్రయమునకు మూడు వ్యుత్పత్తులు ఊహింపవచ్చును.

మొదటిది, నా విద్యార్థి చూపినది : 'ఓహేర్ ఫీల్డ్' అనుదానినుండి ఓ, ఆర్, డి అను వర్ణములను గ్రహించుట. రెండవది : డగ్లస్ సంస్థ కాలపు జంటపేరును బట్టి, ఆర్చర్డ్ అను పదముయొక్క మొదటి రెండు వర్ణములును, డగ్లస్ అను పదముయొక్క మొదటి వర్ణమును కలియుట. మూడవది : ఆర్చర్డ్ అను ఒక్క పదమునుండియే మొదటి రెండు వర్ణములైన ఓ, ఆర్ అనువానిని, కడపటి వర్ణమైన డి అనుదానిని గ్రహించుట.

వర్ణముల దృష్టితో మాత్రమే చూచినచో ఈ మూడును సమబలములు. మూడింటియందును వర్ణములు ఉన్నవి, వరుస తప్పలేదు. ఇంకొక విధముగా చెప్పవలెనన్న, వర్ణసామ్యము ఇక్కడ మూడు సాక్ష్యములను సమానముగా సమర్థించుచున్నది. అన్ని పక్షములను సమర్థించు సాక్షి ఏ పక్షమునకును ఉపకరింపడు. కావున నిర్ణయమునకు అక్షరములకు వెలుపలనున్న ప్రమాణము కావలెను. ఆ ప్రమాణము కాలక్రమము.

కాలక్రమమును పెట్టి చూడగా మొదటి వ్యుత్పత్తి వెంటనే వీగిపోవుచున్నది. సంకేత మేర్పడినది ఆర్చర్డ్ ఫీల్డ్ అను పేరున్న నాడు. ఓహేర్ పేరు వచ్చినది 1949లో. కార్యము కారణమునకు ముందుండజాలదు. పుట్టని పేరునుండి సంకేతము పుట్టనేరదు. రెండవ వ్యుత్పత్తి ఇంత సులభముగా త్రోసివేయదగినది కాదు. డగ్లస్ పేరు సంకేతమునకు పూర్వమే ఉన్నది. కాని సంకేత మేర్పడుసరికి ఆ సంస్థ తరలిపోయినది. ఆ పేరు క్షేత్రనామమునుండి తొలగినది. ఒక పదమే మూడు వర్ణములను సమకూర్చుచుండగా, తొలగిపోయిన రెండవ పదమును తెచ్చుట అనవసరకల్పన. లాఘవన్యాయముచేతను మూడవ వ్యుత్పత్తియే గ్రాహ్యము. కావున ఓ-ఆర్-డి యనగా ఆర్చర్డ్. పండ్లతోట అని దాని యర్థము.

ఒక పదముయొక్క ఆద్యక్షరములను, కడపటి యక్షరమును కలిపి సంకేతము చేయుట సహజమేనా యను సందేహము కలుగవచ్చును. సంకేతకర్తలు ఆద్యక్షరములను మాత్రమే గ్రహింపవలెనను నియమము లేదు. పదమున ప్రముఖముగా వినబడు హల్లులను ఏఱుకొనుట తఱచు. షికాగోలోనే గల రెండవ విమానాశ్రయము మిడ్‌వే. దాని సంకేతము ఎమ్-డి-డబ్ల్యు. అదియు పదమధ్యమునుండి ఏఱుకొన్నదే.

ఈ మిడ్‌వే విషయము మఱియొక విధముగను పోల్పదగినది. అదియు తన ప్రస్తుతనామమును 1949లోనే పొందినది. 1942 నాటి మిడ్‌వే నౌకాయుద్ధమునకు స్మారకముగా ఆ పేరు పెట్టిరి. అనగా ఒకే నగరమున, ఒకే సంవత్సరమున, ఒకే యుద్ధపు స్మృతిగా రెండు విమానాశ్రయములు క్రొత్తపేర్లను ధరించినవి. నేడు ఒకదాని సంకేతము దాని పేరునకు అనుగుణముగా నున్నది. రెండవదాని సంకేతము అనుగుణముగా లేదు. నామాంతరముల చరిత్రలో ఏకరూపమైన నియమమును ముందుగా కల్పించుకొని దానికి సాక్ష్యములను లొంగదీయరాదనుటకు ఇంతకంటె చక్కని దృష్టాంతము అరుదు.

5

పేరు మారినపుడు సంకేతము పొందు గతిని మూడు విధములుగా విభజింపవచ్చును.

మొదటిది, పేరుతోపాటు సంకేతమును మారుట. న్యూయార్కు నగరమున ఐడిల్‌వైల్డ్ అను పేర ప్రసిద్ధమైన విమానాశ్రయమునకు ఐ-డి-ఎల్ అను సంకేత ముండెను. 1963 నవంబరులో రాష్ట్రపతి కెనెడీ హతుడుకాగా, ఆ డిసెంబరులోనే విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టిరి. సంకేతము జె-ఎఫ్-కె అయినది. ఆ తావున పూర్వముండిన గోల్ఫు క్రీడాస్థలమునుండి వచ్చిన ఐడిల్‌వైల్డ్ అను పేరునకు నేడు చీటులపై చిహ్నము కూడ లేదు.

రెండవది, పేరు మారినను సంకేతము నిలుచుట. ఇది అధికము. ఓ-ఆర్-డి ఇట్టిది. న్యూ ఆర్లియన్స్ నగరపు ఎమ్-ఎస్-వై మఱింత విచిత్రమైనది. జాన్ మోయిసాంట్ అను వైమానికుడు 1910 డిసెంబరు 31వ తేదీన ఆ నగరసమీపమున విమానము కూలి మరణించెను. ఆ ప్రాంతమున ఆయన పేరుతో వెలసిన పశువుల దొడ్లనుబట్టి 'మోయిసాంట్ స్టాక్ యార్డ్స్' అను పదములలోని తొలివర్ణములతో ఆ సంకేత మేర్పడినది. 2001లో ఆ విమానాశ్రయమునకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను సంగీతవిద్వాంసుని పేరు పెట్టిరి. సంకేతమున ఇప్పటికిని పశువుల దొడ్డియే యున్నది. ఫ్లోరిడా రాష్ట్రమున ఓర్లాండో నగరపు ఎమ్-సి-ఓ అనునది, 1957లో విమానప్రమాదమున మరణించిన మెకాయ్ అను సైనికాధికారి పేర వెలసిన వైమానిక స్థావరమును స్మరింపజేయుచున్నది.

నగరముల పేర్లు మారినచోటను ఇంతియే. లెనిన్‌గ్రాడ్ 1991లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అయినను సంకేతము ఎల్-ఇ-డి గానే యున్నది. సైగాన్ నగరమునకు 1976లో హో చి మిన్ పేరు పెట్టినను ఎస్-జి-ఎన్ నిలిచినది. మన దేశమున బొంబాయి 1995లో ముంబయి అయినది. బి-ఓ-ఎమ్ మారలేదు. కలకత్తా 2001లో కోల్‌కతా అయినది. సి-సి-యు మారలేదు. ప్రభుత్వములు శిలాఫలకములను మార్పగలిగినవి, రైలుస్టేషనుల పలకలను మార్పగలిగినవి. సామాను చీటిపై మూడక్షరములు మాత్రము చేతికి చిక్కలేదు.

మూడవది, సంకేతము ఒక తావును విడిచి వేఱొక తావునకు పోవుట. ఇందులకు దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. హైదరాబాదునందు బేగంపేట విమానాశ్రయమునకు హెచ్-వై-డి అను సంకేత ముండెను. 2008 మార్చి 23వ తేదీన శంషాబాదునందు నూతన విమానాశ్రయమున రాకపోకలు ప్రారంభమయ్యెను. హెచ్-వై-డి శంషాబాదునకు తరలిపోయినది. బేగంపేటకు బి-పి-ఎమ్ అను వేఱు సంకేత మీయబడినది. అయితే చోదకులు వాడు నాలుగక్షరముల పద్ధతిలో వి-ఓ-హెచ్-వై అను బేగంపేట సంకేతము బేగంపేటలోనే ఉండిపోయినది. శంషాబాదు వి-ఓ-హెచ్-ఎస్ అను క్రొత్త సంకేతమును పొందినది. ఇందలి తారతమ్యము గమనింపదగినది. ప్రయాణికుని సంకేతము నగరమును అంటిపెట్టుకొన్నది. చోదకుని సంకేతము నేలను అంటిపెట్టుకొన్నది. ప్రయాణికునకు తాను చేరవలసిన ఊరు ముఖ్యము. చోదకునకు చక్రములు తాకవలసిన నేల ముఖ్యము. ఒకే పేరు ఇద్దఱి యక్కఱలలో రెండు త్రోవలు పట్టినది.

6

విశాఖపట్టణపు సంకేతమైన వి-టి-జెడ్ అనుదానిని ఇచ్చట పరీక్షార్థము గ్రహింతము. విశాఖపట్టణము అను పేరును నేడు ఆంగ్లమున వ్రాయు రూపములో జెడ్ అను వర్ణము లేదు. ఆంగ్లేయుల కాలపు పత్రములలో వ్యాప్తిలో నుండిన 'విజగపటం' అను రూపమున వి, టి, జెడ్ మూడును కలవు. కాని వరుస వేఱు. ఆ రూపమున జెడ్ ముందు, టి తరువాత. ఈ సంకేతము విజగపటం అను వికృతరూపమునుండియో, దాని సంక్షేపమైన వైజాగ్ అను వ్యవహారమునుండియో వచ్చినదని తోచుట సహజము. ఈ తోచుట యెంతవఱకు ప్రమాణము? పై విచారణలో ఓ-ఆర్-డికి మూడు వ్యుత్పత్తులు వర్ణబలముచే సరిపోయినవి. కాలక్రమము ఒకదానినే నిలిపినది. ఇక్కడను సంకేతమిచ్చిన నాటికి అధికారపత్రములలో ఏ రూపము వాడుకలో నుండెనో చూపినగాని ఇది ఊహయే యగును, సిద్ధాంతము కాదు. నాటి తరగతిలో నేను తొందరపడి సమ్మతించినది ఇట్టి ఊహకే.

మన భాషానామమును గూర్చిన చర్చయందే ఈ ప్రమాదము పెద్దయెత్తున కలదు. తెలుగు అను పదము త్రిలింగశబ్దభవమను వాదమున శ్రీశైల, ద్రాక్షారామ, కాళేశ్వర లింగత్రయము సరిపోయినది, వర్ణములును ఇంచుమించుగా సరిపోయినవి. అయినను విమర్శకులు అడిగిన ప్రశ్న యేమి? ఏ రూపము ముందు, ఏ రూపము వెనుక అనునదియే కదా! దేశ్యపదము సంస్కృతీకరింపబడి త్రిలింగమైనదా, త్రిలింగము వికృతిచెంది తెలుగైనదా యను వివాదమున పూర్వాపరనిర్ణయమే ప్రాణము. స్థలపురాణములు చెప్పు వ్యుత్పత్తులలో పెక్కు ఓహేర్ ఫీల్డ్ వ్యుత్పత్తివంటివే. అవి అబద్ధములాడుటకు పుట్టినవి కావు. ఎదుటనున్న పేరునకు ఎదుటనున్న విషయముతో ముడివేయవలెనను మానవసహజమైన కుతూహలమునుండి పుట్టినవి. పరిశోధకుడు ఆ కుతూహలమును నిందింపరాదు. దానితో తృప్తిపడను రాదు.

7

ఆర్చర్డ్ ప్లేస్ కథకు ఉత్తరభాగ మొకటి కలదు. అది లేనిదే ఈ వ్యుత్పత్తివిచారము శుష్కమైన వర్ణగణనగా మిగిలిపోవును.

ఓహేర్ విమానాశ్రయమున 1955లో నియతమైన ప్రయాణికసేవలు ప్రారంభమైనవి. 1963లో రాష్ట్రపతి కెనెడీ దానిని అంకితము గావించెను. ఆ తరువాత కొన్ని దశాబ్దుల కాలము అది ప్రపంచమునందెల్ల మిక్కుటమైన రద్దీ గల విమానాశ్రయముగా నుండెను. పండ్లతోటయు, పొలములును, రైతుల యిండ్లును ఉన్నచోట పరుగుబాటలు వ్యాపించినవి. 1849 నాటి సెయింట్ యోహానెస్ శ్మశానవాటిక మాత్రము విమానాశ్రయపు పొలిమేరలో చిరకాలము నిలిచియుండెను.

ఇరువది యొకటవ శతాబ్దారంభమున పరుగుబాటలను పునర్నిర్మించు మహాప్రణాళిక యొకటి తలపెట్టబడెను. అందలి యొక పరుగుబాట ఆ శ్మశానముమీదుగా పోవలసియుండెను. 2003లో ఇల్లినాయ్ రాష్ట్ర శాసనసభ ఇందులకు అనుకూలమైన చట్టమును చేసెను. చర్చికి చెందినవారు, అచట పూర్వికులను ఖననము చేసిన కుటుంబములవారు న్యాయస్థానములలో చిరకాలము పోరాడిరి. మృతులను వారి విశ్రాంతిస్థానమునుండి కదలించుట తమ మతవిశ్వాసమునకు విరుద్ధమని వారి వాదము. తుదకు వారు ఓడిరి. వేయికి మించిన సమాధులను త్రవ్వి, అస్థికలను ఇతర శ్మశానములకు తరలించిరి. 2013 అక్టోబరులో ఆ తావుమీదుగా క్రొత్త పరుగుబాట తెఱవబడినది. రెస్ట్‌హేవెన్ అను మఱియొక చిన్న శ్మశానవాటిక మాత్రము స్థానభ్రంశము నొందక మిగిలినది.

ఊరు పోయినది. తోట పోయినది. తుదకు ఆ ఊరిభూమిలో నిద్రించుచుండిన మృతులును లేచిపోవలసివచ్చినది. ఊరిపేరునుండి తీసిన మూడక్షరములు మాత్రము ప్రతిదినమును వేలకొలది పెట్టెలపై అంటింపబడి దేశదేశములకు పోవుచున్నవి. వానిని మోయువారికి వాని యర్థము తెలియదు. ఓహేర్ పేరు పెట్టినవారి సంకల్పము ఒక వీరుని స్మృతిని నిలుపుట. అది నెఱవేఱినది. పండ్లతోట స్మృతిని నిలుపవలెనని ఎవ్వరును సంకల్పింపలేదు. అదియును నిలిచినది. చరిత్రలో బుద్ధిపూర్వకముగా నిలిపిన స్మారకముల వలె, అబుద్ధిపూర్వకముగా నిలిచిన అవశేషములును ప్రమాణములే. శాసనకర్త తన దానమును గూర్చి వ్రాసికొనును. పొలిమేరలు చెప్పుచు ప్రసంగవశమున పేర్కొన్న వాగు, పుట్ట, చింతచెట్టు గ్రామచరిత్రకారునకు ఆ దానముకంటె మిన్నగా ఉపకరించును. ఓ-ఆర్-డి అట్టి చింతచెట్టు.

8

ఈ విధమైన అవశేషము తెలుగువారికి క్రొత్త కాదు. ప్రతి తెలుగువాని పేరునకును ముందొక యక్షరమో రెండక్షరములో ఉండును. అది ఇంటిపేరుయొక్క సంకేతము. ఇంటిపేరులలో పెక్కు గ్రామనామములు. ఎన్ని తరముల క్రిందటనో పూర్వికుడు విడిచివచ్చిన ఊరిని, ఆ ఊరిని కన్నులార చూడని మనుమలు నేటికిని తమ పేరునకు ముందు మోయుచున్నారు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఆయన సాహిత్యజీవితము, సంస్కరణోద్యమము చాల భాగము అచటనే సాగినవి. పేరునకు ముందు మాత్రము పూర్వికుల ఊరైన కందుకూరు నిలిచియున్నది. చేరిన ఊరు చరిత్రలోనికి ఎక్కినది. విడిచిన ఊరు పేరులోనికి ఎక్కినది. ఓహేర్ విమానాశ్రయమునకు ఓ-ఆర్-డి అట్టి యింటిపేరే.

కావున పరిశోధక విద్యార్థులు ఈ దృష్టాంతమునుండి మూడు సూత్రములను గ్రహింపవచ్చును. సంక్షేపమును నేటి పేరుతో కాక, సంక్షేప మేర్పడిన నాటి పేరుతో పోల్పవలెను. వర్ణసామ్యము వ్యుత్పత్తికి అవసరమే కాని అదియొక్కటే చాలదు. పూర్వాపరనిర్ణయము దానికి తోడు కావలెను. సంకేతపద్ధతియందలి నియమములను తెలిసికొనక సంకేతమునకు అర్థము చెప్పరాదు. అట్లు చెప్పినచో స్థానపూరకమైన ఎక్స్‌నకును పరమార్థము పుట్టును. ఈ మూడును శాసనములలోని గ్రామనామములకును, తాళపత్రములలోని సంక్షేపములకును సమానముగా వర్తించును.

ఆ చీటిని తెచ్చిన విద్యార్థి ఇప్పుడు ఉపాధ్యాయవృత్తియందున్నాడు. ఓహేర్ ఫీల్డ్ వ్యుత్పత్తిని చెప్పిన విద్యార్థి, మఱునాడు నేను సవరణ చెప్పినపుడు, "అట్లయిన నిన్న మనకందఱకు సరిపోయినదే!" అనెను. సరిపోయిన దానిని ఇంకొకపరి పరీక్షించుటయే పరిశోధన యని నే నాతనికి చెప్పితిని. ఆ మాట మొదట నాకే వర్తించునని కూడ చెప్పితిని. ఆ చీటి నా వద్దనే యున్నది. గ్రామనామములను గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల దానిని తరగతిలో చూపి, అక్షరములు మూడు, తోట యెక్కడ అని యడుగుచుందును.